సుత్తులు ఆగినచోట

చప్పట్లకీ సుత్తి దెబ్బలకీ తేడా తెలియని రోజుల్లో నేను నవల రాశాను. అదేదో పాలు తాగే వయసనుకునేరు. ఇరవై మూడు నిండాయి. బి.ఎ. పాసయ్యాను. పలాసలో హైస్కూలు పంతుల్ని. మీసం కూడా ఉంది. ఆ మీసాన్నే ఇంకాస్త పెంచి, నూనె రాసి, చివర్లు మెలేసి నా నవల్లో హీరోకి తగిలించాను. అతగాడి పేరు రణకేసరి. నవల పేరు కూడా అదే. మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రిక దాన్ని సీరియల్‌గా వేసుకోవడం మొదలుపెట్టింది. అప్పట్నించి నేను వీధిలో నడుస్తుంటే నా ముందు కనపడని బాకా ఒకటి మోగుతూ ఉండేది. ఆ బాకా నాకొక్కడికే వినిపించేదని తెలియడానికి ఆరు వారాలు పట్టింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, కిందటి నెల విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. యుద్ధాల మీద రాసిన చారిత్రక నవలల్లో ఆడవాళ్ల స్నేహాలు, వాటిని పాఠకులు ఎలా తీసుకున్నారు అన్నది ఆమె పరిశోధన. మాటలు రికార్డు చేసుకోడానికి ఫోను బల్లమీద పెట్టి, "మీ నవల వచ్చినప్పుడు పాఠకుల స్పందన ఎలా ఉండేది సార్?" అని అడిగింది. "ఉత్తరాలు వస్తూండేవమ్మా" అన్నాను పెద్దమనిషిలాగా, కుర్చీలో కాస్త వెనక్కి వాలి. అమ్మాయి వెళ్లిపోయాక, ఆ వచ్చిన ఉత్తరాలేవో చూద్దామని ట్రంకుపెట్టె తెరిచాను. ఒక్క ఉత్తరం కూడా లేదు. వస్తే కదా ఉండటానికి! అడుగున మాత్రం నాలుగు మడతల గులాబీరంగు కాగితం దొరికింది. పైన విఘ్నేశ్వరుడు, చుట్టూ మామిడాకుల తోరణం, మధ్యలో చిన్న అక్షరాల్లో నా నవల్లోని ఒక ప్రకరణం, కింద ముదురు గోధుమరంగు వేలిముద్ర. ఆ ముద్ర ఉన్నచోట కాగితం తినేసి చిల్లు పడింది. ఆ వేలు నాది. బి.ఎ. పాసైన నేను జీవితం మొత్తం మీద వేసిన వేలిముద్రలు రెండు. వాటిలో అది మొదటిది. ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబు ఆ చిల్లులో ఉంది. ఇప్పుడు ఎదురుగా ఆమె ఫోను లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పలాసలో నేను మా మేనత్త సూరమ్మ ఇంట్లో ఉండేవాణ్ని. ఇంటి వెనక గోడకి అవతల జీడిపిక్కల పాక. తెల్లారేసరికి పెద్ద పెనాల మీద పిక్కలు వేపడం మొదలయ్యేది. ఆ పొగ నల్లగా, ఘాటుగా, గొంతులో గీరుకుంటూ మా దుప్పట్లలో, మా పెరుగులో, గోడకి తగిలించిన నా డిగ్రీ పటంలో దూరేది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా జీడిపప్పు నేతిలో వేయిస్తే అందరూ పాయసం అనుకుంటారు, నేను మాత్రం ఉతికిన చొక్కా కోసం వెతుక్కుంటాను. వేపిన పిక్కల్ని పాతికమంది ఆడవాళ్లు వరసలుగా కూర్చుని కొట్టేవారు. చేతులకి బూడిద పట్టించుకుని, పిక్కని రాతిమీద నిలబెట్టి, కొయ్య సుత్తితో ఒక్కటే దెబ్బ. పెంకు విచ్చుకోవాలి, లోపలి పప్పు విరక్కూడదు. బూడిద రాసుకోకపోతే పెంకులోని రసం చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది. అందుకే ఆ పాకలో ఆడవాళ్లందరి చేతులూ విభూది పెట్టుకున్నట్టు తెల్లగా, వేళ్ల కొసలు మాత్రం నల్లగా ఉండేవి.

అత్త పొద్దున్నే తరవాణి అన్నం తిని, కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, మధ్యాహ్నం దాకా ఇంటిపనిలో ఉండేది. శుక్రవారం మాత్రం ఆవిడ వేరే మనిషి. రైల్లో వారపత్రిక రాగానే దాన్ని విప్పకుండా, కనీసం అట్ట కూడా తిప్పకుండా, గోడలో ఉన్న చిన్న తలుపు తీసుకుని, పీట వేసుకుని, పాక గుమ్మంలో కూర్చునేది. అక్కడే మొదటిసారి విప్పేది, అందరికీ వినపడేట్టు చదివేది. తను ముందుగా ఒక్క వాక్యమైనా చూసేది కాదు. "ముందు నేను చదివేస్తే కథ ఎంగిలైపోదూ? ఎంగిలి కథ నలుగురికి పెడతానా?" అనేది. రాసినవాణ్ని ఇంట్లోనే పెట్టుకుని, వచ్చే వారం ఏమవుతుందని ఒక్కనాడు అడగలేదు. నేనే చెప్పబోతే చెవులు మూసుకునేది.

నేను గోడకి ఇవతల, బావి గట్టు మీద కూర్చుని వినేవాణ్ని. అత్త చదువుతుంటే అవతల సుత్తులు టకటకా పడుతూ ఉండేవి. మధ్యలో ఒక్కోసారి ఠక్కున ఆగిపోయేవి. మళ్లీ ఊపందుకునేవి. రణకేసరి కత్తి దూసినప్పుడు టకటక, రణకేసరి గుర్రం ఎక్కినప్పుడు టకటక, మీసం దువ్వితే ఇక చెప్పనే అక్కర్లేదు. అవి చప్పట్లనుకున్నాను! నా హీరో వస్తే పాక పాకంతా దద్దరిల్లుతోందని పొంగిపోయాను. తర్వాతి కాలంలో విసుగెత్తించే మాటలకి సుత్తి అనే పేరు స్థిరపడింది. ఆ పేరు పెట్టినవాళ్లెవరో మా పాకలో రణకేసరిని వినే ఉంటారని నా నమ్మకం.

అసలు సంగతి చెప్పింది పాక మేస్త్రి సింహాచలం. ఒక సాయంత్రం స్టేషను దగ్గర ఎదురుపడి, "పంతులుగోరూ, మీకో దండం. ఆ రనకేసరిని ఇంకొంచిం ఎక్కువ రాయండి బాబూ. ఆడు వొచ్చినంతసేపూ పని సాగుతాది. ఆ యిద్దరాడోల్లూ వొచ్చినారంటే ఒక్క సుత్తీ లెగదు. నోల్లు తెరుచుకొని ఇంతారు. మా బుగతకి నానేటి సెప్పుకోను?" అన్నాడు. బుగత అంటే పాక యజమాని.

ఆ ఇద్దరాడవాళ్లూ హేమవల్లి, కురంగి. ఒకతె మంత్రిగారి కోడలు, రెండోది పడవవాడి పెళ్లాం. కోట తగలబడితే ప్రాణాలు దక్కించుకుని అడవులూ ఏర్లూ దాటుకుంటూ స్వగ్రామానికి నడిచి వస్తారు. ఏడువందల ఏళ్ల కిందట కళింగదేశంలో జరిగిన యుద్ధం అని రాశాను గానీ, అది నిజానికి మా పాకలో అందరికీ తెలిసిన కథ, పట్టుమని పదిహేనేళ్ల కిందటిది. రంగూన్ని మావైపు రంగం అనేవారు. మా అత్త మొగుడు రంగంలో బియ్యం మిల్లు గుమాస్తా. అక్కడే, మావైపు బారువ అనే ఊరి మనిషి, దాలమ్మ ఉండేది. మొగుడు హార్బరులో కూలీ, ఈవిడ మా అత్తవాళ్లింట్లో పనిచేసేది. బాంబులు పడ్డప్పుడు దాలమ్మ మొగుడు హార్బరులోనే పోయాడు. మా మావయ్య దారిలో వాంతులై పోయాడు. మిగిలిన ఇద్దరూ జనంతో కలిసి కొండలూ వానలూ దాటి నడిచి వచ్చేశారు. రంగం నుంచి వచ్చినవాళ్లని నేను రణరంగంలో పెట్టాను, అంతే నా కల్పన.

దాలమ్మ పలాస పాకలోనే పిక్కలు కొట్టేది. అందరి ముందూ మా అత్తని "అమ్మగోరూ" అనేది. ఒక్కసారి మాత్రం, తామిద్దరే పెరట్లో ఉన్నామనుకున్నప్పుడు, "ఒసే సూరీ, ఆ మీద సేపలు ఎండనేదే, తిప్పు" అనడం విన్నాను. అత్త బుద్ధిగా వెళ్లి చేపలు తిప్పింది. దాలమ్మ ఎప్పుడూ చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకునే కాల్చేది. అలాగే మాట్లాడేది, అలాగే నవ్వేది. నడిచివచ్చిన దారిలో వానకి అందరి నిప్పూ ఆరిపోతే, గంజి కాచుకోడానికి మిగిలింది ఆవిడ నోట్లో నిప్పొక్కటేనట. నేనది నవల్లో పెడదామనుకున్నాను గానీ ఏడువందల ఏళ్ల కిందట పొగాకు లేదని హెడ్మాస్టరుగారు గుర్తుచేశారు. అందుకని తాటాకు కింద దాచిన దీపం అని మార్చాను. ఆ వారం దాలమ్మ గోడమీంచి నన్ను పిలిచి, "దీపం ఏటి పంతులూ? అంత వానలో దీపం ఉంటాదా? నీ బుర్ర ఉంటాదా?" అని అడిగింది.

అందరికీ తెలిసిన ఆ కథలో గొప్ప ఘట్టం ఒకటి ఉంది. ఒక ఏటి ఒడ్డున మా అత్తకి జ్వరం తగిలింది. లేవలేకపోయింది. జనం ఆగలేదు, వెళ్లిపోయారు. దాలమ్మ మూడు రోజులు ఆవిడ దగ్గరే ఉండి, నాలుగో రోజు లేపి నడిపించుకొచ్చింది. అత్త ఎప్పుడూ, "నాకు ఆ మూడు రోజులూ తెలివి లేదు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా దాలి ఉంది" అని చెప్పేది. పాకలో కొత్తగా చేరిన ఏ గుంటపిల్లకైనా ముందు ఈ సంగతి చెప్పాకే సుత్తి చేతికిచ్చేవారు. ఇద్దరు పిల్లల్నీ కడుపులోనే పోగొట్టుకుని, ఇల్లూ వాకిలీ లేక, చేతులు కాల్చుకునే దాలమ్మకి ఆ ఊళ్లో ఉన్న ఆస్తి అదొక్కటే.

అలాంటి ఘట్టం దగ్గరికి నా నవల వస్తున్నప్పుడు సంపాదకుడుగారి ఉత్తరం వచ్చింది. "మీ కథలో యుద్ధం ఉంది, ప్రేమ ఏదీ? ఇద్దరు స్త్రీలు ఆరు వారాలుగా కలిసి నడుస్తున్నారు. ఎప్పుడు పోట్లాడుకుంటారు? కురంగికి రణకేసరి మీద మనసు పడేట్టు చేసి, జ్వరంలో ఉన్న హేమవల్లిని విడిచిపెట్టి అతనితో పడవ ఎక్కించండి. పాఠకులు ఊపిరి బిగబట్టుకుంటారు" అని. నాకు కోపం రాలేదు. ఇదీ నేను దాచుకోకుండా చెప్పవలసిన సంగతి. ఎవరో అడ్డం వస్తే చేసిన పని కాదు. ఎగిరి గంతేసి చేసిన పని. కురంగి అంతటిది నన్ను చూసి, అదే, రణకేసరిని చూసి పడవ ఎక్కేస్తుందంటే నా మీసం నాకే ముద్దొచ్చింది. రెండు గంటల్లో రాసి పోస్టులో వేశాను.

ఆ శుక్రవారం నేను బావిగట్టు మీద తయారుగా కూర్చున్నాను. అత్త చదవడం మొదలుపెట్టింది. హేమవల్లి పడిపోగానే సుత్తులు ఆగాయి. కురంగి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. ఏటిలో రణకేసరి పడవ కనిపించింది. ఎవరో ఒకరిద్దరు సుత్తి వేశారు. అప్పుడు, "కురంగి ఆమె శిరస్సును మెల్లగా ఇసుకపై దించి, వెనుదిరిగి చూడక పడవ వైపు సాగిపోయినది" అన్న వాక్యం దగ్గర అత్త గొంతు ఆగింది. తర్వాత మిగిలిన పేరా చదివేసింది, కూడబలుక్కుని చదివినట్టు. ఒక్క సుత్తీ పడలేదు. అప్పలమ్మ అనే మనిషి గొంతు మాత్రం వినిపించింది:

"అదేటి దాలొదినా! ఒగ్గేసి ఎలిపోనావా? మాకు మరోలా సెప్పినావు కదే!"

"అది కథే, అప్పలా" అంది అత్త.

"కథేటమ్మా, మీ మేనల్లుడు రాసినాడు, అచ్చులో పడినాది. మీకా, తెలివి నేదని మీరే సెప్తారు. ఆ బాబు సదువుకున్నోడు, రంగం కాయితాలేవో సూసుంటాడు. నేకపోతే అచ్చులో ఎలా ఏత్తారు?"

పాతికమందిలో ఒక్కరికీ ఆ మాటలో తప్పు కనపడలేదు. అచ్చులో అబద్ధం వేస్తారని వాళ్లకెవరు చెప్పారు? నాకే అప్పటికి సరిగ్గా తెలీదు. దాలమ్మ లేచి, చేతుల బూడిద కడుక్కుని, సుత్తి మేస్త్రి ముందు పెట్టి, మధ్యాహ్నం బండికి బారువలో తమ్ముడింటికి వెళ్లిపోయింది.

అత్త ఇంట్లోకి వచ్చి పీట గోడకి ఆనించి, నన్ను చూసి ఒక్క ప్రశ్న అడిగింది. "నీకెవరు చెప్పార్రా?"

"ఎవరూ చెప్పలేదత్తా. కల్పించాను."

"కల్పించావా" అని, నా మొహంలోకి చాలాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. అది కోపంలా లేదు. "పాడుచేసినవాడివి నువ్వు. వెళ్లి తీసుకురా" అని లోపలికి వెళ్లిపోయింది. తర్వాతి శుక్రవారం వారపత్రిక వచ్చింది. అత్త దాన్ని విప్పలేదు. అవతల పాకలో సుత్తులు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆగకుండా పడ్డాయి. మేస్త్రి కూడా సంతోషంగా కనపడలేదు.

ఆదివారం బారువ వెళ్లాను. దాలమ్మ ఇసుకలో పరిచిన చేపల్ని తిరగేస్తూ ఉంది. నోట్లో చుట్ట. నన్ను చూసి పని ఆపలేదు. నేను ఎండలో నిలబడి, కల్పన అంటే ఏమిటో, సంపాదకుడంటే ఎవరో, పాఠకుల అభిరుచి అంటే ఏమిటో ఒక పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. చేపలు నాకంటే శ్రద్ధగా విన్నాయి.

"అయిపోనాదా?" అంది దాలమ్మ.

"తప్పు నాదే దాలమ్మా. పాకలో అందరికీ నేను చెప్తాను, అది అబద్ధమని."

"నోటితో సెప్తావేటి? అచ్చులో ఏసి నోటితో తీత్తానంతే ఎవులు ఊరుకుంతారు? అచ్చులో ఏసినావు, అచ్చులోనే తియ్యి." చుట్ట తీసి, "అప్పల అన్నాదని నానిక్కడికి రానేదు పంతులూ. అప్పలకేటి తెలుసు? సదువుతా సదువుతా ఆవిడ ఆగినాది. అది నాను సూసినాను" అంది.

అప్పుడు తెలిసింది నాకు, నేను విరగ్గొట్టింది పెంకు కాదు, లోపలి పప్పు అని. వెనక్కి వచ్చే బస్సులో నా జీవితంలో మొదటిసారి పళ్లు బిగించి ఒక పని అనుకున్నాను. ఆ ప్రకరణం తిరిగి అచ్చులో పడాలి. రణకేసరి బతికితే ఎంత, చస్తే ఎంత.

సంపాదకుడుగారికి కొత్త ప్రకరణం పంపాను, తప్పు దిద్దుకుంటున్నానని ఒక ముక్క వేయమన్నాను. జవాబు వారంలోనే వచ్చింది. "కథ మంచి పాకాన పడింది. ఇప్పుడు దిద్దుబాట్లు కుదరవు. చివరికి రణకేసరి ఇద్దరినీ పెళ్లాడితే స్నేహం కూడా నిలుస్తుంది. మీరు రాయకపోతే మా ఆఫీసులో ఎవరైనా రాస్తారు." నేను రాయలేదు. వాళ్ల ఆఫీసులో ఎవరో రాశారు. ఇద్దరికీ ఒకే పందిట్లో తాళి కట్టించారు, కింద నా పేరు వేశారు.

ఆ పెళ్లి జరిగేనాటికే నేను అచ్చు కోసం టెక్కలి వెళ్లాను. అక్కడ ఒక చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్లి శుభలేఖలు, కిరాణా కొట్ల కరపత్రాలు, అంతకు మించి సాహిత్యం తెలియని ప్రెస్సు. యజమాని గురుమూర్తిగారు నా కాగితాలు చూసి, "పెళ్లెవరిది?" అన్నారు. పెళ్లి కాదు, నవల్లో ఒక ప్రకరణం అన్నాను. "ఇది పెళ్లిళ్ల సీజను బాబూ. గులాబీ కాయితమే ఉంది. వినాయకుడూ తోరణమూ బిగించేసి ఉన్నాయి, అవి ఇప్పి మల్లీ కట్టాలంటే నా వల్లకాదు" అన్నారు. ఉండనివ్వండి అన్నాను. ఆయన కాగితం దూరంగా పట్టుకుని లెక్కపెట్టి, "ఇందులో ఆశ్చర్యార్థకాలు నలభై ఉన్నాయి. నా దగ్గర ఆరే ఉన్నాయి. పెళ్లిపిలుపుల్లో ఆశ్చర్యపడవలసింది ఏం ఉంటాది?" అన్నారు. అక్కడే బల్లమీద కూర్చుని ముప్పై నాలుగు ఆశ్చర్యాలు కొట్టేశాను. నా రచనకి జరిగిన మొదటి మంచి సంస్కరణ అదే.

దాలమ్మకి కబురు పెట్టాను, అచ్చు అయిందని. శుక్రవారం ఆవిడ వచ్చింది గానీ పాకలో అడుగు పెట్టలేదు. చేపల గంప పక్కన దించుకుని బయట చూరు కింద నిలబడింది. అత్త పీట వేసుకుంది. నేను గోడ అవతల దాక్కోకుండా ఆ రోజు పాకలోనే నిలబడ్డాను. అత్త గులాబీ కాగితం విప్పింది, ముందు చూడలేదు, మామూలుగానే. విఘ్నేశ్వరుణ్ణి చూసి ఒక్క క్షణం నా వైపు చూసి, చదవడం మొదలుపెట్టింది.

నేను రాసింది చాలా పుణ్యంగా ఉంది. కురంగి మూడు పగళ్లూ కదలక మెదలక హేమవల్లి పాదాలు ఒత్తింది. కన్నీటితో నుదురు తడిపింది. వనదేవతల్ని ప్రార్థించింది. సుత్తులన్నీ ఆగిపోయాయి. అప్పలమ్మ ముక్కు చీదింది. నా మనసు తేలికపడుతోంది.

"ఆగండి" అంది దాలమ్మ చూరు కిందనుంచి. "కాళ్లు ఒత్తడం ఏటి? కన్నీరేటి? ఎవులు ఏడ్సినారు? లెగవే, లెగవే అని సెంపలు వాయగొట్టినాను. మీ అమ్మ కడుపు కాలా అని తిట్టినాను. ఏడ్సడానికి ఒంట్లో నీరుందా?"

నవ్వారు అందరూ. ఆవిడ నవ్వలేదు. చుట్ట తీసి పారేసి, గుమ్మం దాకా వచ్చింది.

"ఆ ముందలేసిన కాయితంలో రాసినాడే, ఒగ్గేసి ఎలిపోనాదని. అది నిజఁవే. రెండోనాడు ఒగ్గేసి ఎలిపోనాను. ఇది సచ్చిపోతాది, దీని కూడా నానూ సావడఁవెందుకని ఎలిపోనాను. రెండు కోసులు నడిసినాను. ఎవులికీ సెప్పనేదు. ఈ పంతులుకి ఎలా తెలిసినాదో ఆ దేవుడికి తెలియాల. రెండు కోసులు ఎల్లి, కూసుని, మల్లొచ్చినాను." పాకంతా వింటోంది. ఆవిడ మాత్రం మా అత్తతోనే మాట్లాడుతోంది. "నీకు తెలివి నేదు కాబట్టి నీకు తెల్దు సూరీ. నువ్వు అందరికీ నన్ను దేవత కింద సెప్పుకుంతా వొచ్చినావు. సదువుతా ఆగిపోనావు సూడు, ఆనాడు అనుకున్నాను, తెలిసిపోనాదని."

అత్త కాగితం ఒళ్లో పెట్టుకుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నాకు తెలివి ఉందే దాలీ" అంది. "కళ్లు తెరుచుకునే ఉన్నాను. నువ్వు మూట నెత్తిన పెట్టుకుని వెళ్లడం చూశాను. ఏటి వంపు తిరిగేదాకా చూశాను. పొద్దు వాలాక ఆ వంపులోంచే రావడం కూడా చూశాను. అందుకే తెలివి లేదని చెప్పుకున్నాను, ఎవరూ నన్నేమీ అడక్కుండా. వీడు అచ్చులో వేసేసరికి, నేను నోరు జారి ఎప్పుడైనా అనేశానేమో, జ్వరంలో పలవరించానేమో అని ఆగాను. నిన్ను అనుమానించి కాదు."

దాలమ్మ గుమ్మంలో కూలబడింది. పాతికమంది చేతుల్లో పాతిక సుత్తులు గాలిలో ఉండిపోయాయి. చివరికి అప్పలమ్మే అంది: "ఎల్లకుండా ఉండిపోతే అదో రకఁవు. అంతదూరం ఎల్లి, తన పానం తనకి దక్కినాక, సచ్చిపోతన్న మనిసి కాడికి మల్లీ నడిసొచ్చినాదంటే... ఓలమ్మ, నానైతే రాను."

"నాకూ రావాలని నేదు" అంది దాలమ్మ. "నిప్పు నా కాడే ఉండిపోనాది. గంజి ఎలా కాసుకుంతాదని వొచ్చినాను."

అప్పుడు నవ్వింది మా అత్త. అంతలా ఆవిడ నవ్వగా నేను ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు. సింహాచలం మేస్త్రి, "అయిపోనాదా అమ్మగోరూ? పిక్కలు సల్లారిపోతన్నాయి" అని బతిమాలేదాకా ఒక్క దెబ్బ పడలేదు.

నా పని మాత్రం అవలేదు. దాలమ్మ గులాబీ కాగితం తీసుకుని నా దగ్గరికి వచ్చింది. "ఇదీ అబద్దఁవే. మొదటిది ఒక రకం అబద్దఁవు, ఇది ఇంకో రకం. జరిగినట్టు రాయి. ఎల్లినట్టూ రాయి, వొచ్చినట్టూ రాయి. సెంపలు వాయగొట్టినట్టూ రాయి. అచ్చు ఎయ్యి." రాస్తానన్నాను. "సంతకం ఎట్టు" అంది. జేబులోంచి కలం తీశాను. "నీ సంతకం నాను సదవగలనేటి? నాకు తెలిసినట్టు ఎట్టు" అని ఒక పచ్చిపిక్క పెంకు చీల్చి నా బొటనవేలికి రాసింది. బూడిద రాయడం మరిచిపోయిందో, కావాలనే మానేసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. వేలిముద్ర వేశాను. పాకంతా సాక్షి. రాసేదాకా నా దగ్గరే ఉంచుకోమని కాగితం నా చేతికే ఇచ్చింది. పది రోజులు తోలు ఊడిపోయి సుద్దముక్క పట్టుకోలేకపోయాను. పిల్లలకి ఆ పది రోజులూ పండగ.

మాట నిలబెట్టుకోడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ నవల్ని మొత్తం తిరగరాశాను, ఒకటికి నాలుగుసార్లు. పని వదిలేద్దామనిపించినప్పుడల్లా బొటనవేలు చూసుకునేవాణ్ని. మచ్చ ఎప్పుడో పోయింది, చూసుకునే అలవాటు పోలేదు. రాస్తున్న ప్రతి పేజీ దగ్గరా ఒక్కటే అడుక్కునేవాణ్ని: ఇక్కడ సుత్తి ఆగుతుందా, పడుతుందా? పడుతుందనిపించిన చోటల్లా కొట్టేశాను. పుస్తకం సగానికి సగం అయింది. పేరు 'నాలుగు పాదాలు' అని పెట్టాను. కొన్ని లైబ్రరీలవాళ్లు పద్యాలనుకుని ఆ బీరువాలో పెట్టేశారు. అక్కడ ఎవరూ ముట్టుకోరు గనక ఇప్పటికీ కొత్తగా ఉన్నాయి. బారువలో దాలమ్మ మంచం పక్కన కూర్చుని అత్త ఆ పుస్తకం పూర్తిగా చదివి వినిపించింది, ముందుగా చూడకుండానే. యుద్ధం వచ్చినప్పుడు ఇద్దరూ కునుకు తీశారట. ఏటి ఒడ్డు దగ్గర లేచి కూర్చున్నారట. అంతా విని దాలమ్మ, "ఇప్పుడు బాగున్నాది. తిట్లు మాత్రం తక్కువ ఏసినాడు" అందట. నాకు వచ్చిన విమర్శల్లో దాన్ని మించింది లేదు.

ఇప్పుడు ఆ పాక లేదు. ఆ చోట యంత్రాలు వచ్చాయి, పెంకు కోసేవీ, పొట్టు తీసేవీ. వాటి చప్పుడు పొద్దంతా ఒకే తీరుగా ఉంటుంది. ఎక్కడా ఆగదు కాబట్టి, ఏది బాగుందో వాటినుంచి తెలుసుకోవడం కుదరదు. పరిశోధన చేస్తున్న అమ్మాయి తన ఫోనులో చూపించింది. ఈనాటి పాఠకులు పుస్తకానికి ఐదు చుక్కల్లో ఎన్నో వేస్తారట, గుండెబొమ్మలు పెడతారట. మంచిదే. చేతులకి బూడిద రాసుకున్న మనిషి, పని ఆపితే మేస్త్రి తిడతాడని తెలిసీ, సుత్తి గాలిలో పట్టుకుని వినడం ఉంది చూశారూ, దానికి సరితూగే బొమ్మ ఇంకా ఎవరూ కనిపెట్టినట్టు లేదు. గులాబీ కాగితాన్ని రేపు ఆ అమ్మాయికి పోస్టులో పంపుతున్నాను, చిల్లుతో సహా.

ఇక సంపాదకుడుగారి సంగతి. పుస్తకం వచ్చేనాటికి ఆయన ఉద్యోగం నుంచి తప్పుకుని, పుస్తకాల మీద అభిప్రాయాలు రాస్తూ ఉండేవారు. ఒక ప్రతి పంపాను. కొత్త నవల్లో రణకేసరి మూడో ప్రకరణంలో మీసం దువ్వుకుంటూ పడవ ఎక్కుతాడు. ఆ తర్వాత రెండువందల పేజీల్లో ఎక్కడా అతని ఊసు లేదు. ఆయన కార్డు రాశారు: "నవల బాగున్నది. కాని పడవ ఎక్కిన రణకేసరి ఏమయ్యాడు? పాఠకుడు చివరి పుట దాకా ఎదురుచూస్తాడు కదా!"

ఆ రోజే జవాబు రాశాను. అందరికీ అందమైన గ్రాంథికంలో ఉత్తరాలు రాసేవాణ్ని, ఆ ఒక్క కార్డూ మా పాక భాషలో రాశాను. "ఒగ్గేసి ఎలిపోనాడు. మల్లీ రానేదు."

కింద సంతకం చెయ్యలేదు. వేలిముద్ర వేశాను.